ఊదితే 36 వచ్చింది, కానీ మందు తాగలేదు. కోర్టులో ఏం చేయాలి?

హనుమకొండ అక్క
అందరికీ నమస్కారం. మా తమ్ముడు హైదరాబాద్‌లో క్యాబ్ నడుపుతాడు. పోయిన శనివారం రాత్రి డ్రంకెన్ డ్రైవ్ తనిఖీలో ఆపి ఊదించారు. యంత్రంలో 36 వచ్చింది, పరిమితి 30 అట. బండి ఎక్కే రోజు వాడు మందు ముట్టడు, ఈ మాట నేను ఎవరి ముందైనా చెబుతాను. దగ్గు తగ్గడం లేదంటే అమ్మ ద్రాక్షారిష్టం అనే ఆయుర్వేద మందు పంపింది. ఆ రాత్రి భోజనమయ్యాక రెండు మూతలు తాగి కారు తీశాడు. వీధి మలుపు తిరగగానే తనిఖీ. ఒక్కసారే ఊదించారు. కాసేపాగి మళ్లీ ఊదుతానని బతిమాలినా వినలేదట. రక్తపరీక్ష అడగవచ్చని వాడికి తెలియదు. చీటీ మీద సంతకం పెట్టించుకుని పంపించారు, కారు మర్నాడు ఇచ్చారు. ఇప్పుడు కౌన్సెలింగ్‌కు రమ్మన్నారు, ఆ తరువాత కోర్టు అంటున్నారు. తోటి డ్రైవర్లందరూ ఒప్పుకుని జరిమానా కట్టేయమంటున్నారు. చేయని తప్పు ఎందుకు ఒప్పుకోవాలన్నది వాడి బాధ. ఏం చేయాలో దయచేసి చెప్పండి.

స్టీరింగ్ సోదరుడు
అక్కా, నేనూ క్యాబ్ డ్రైవరునే. తమ్ముడి బాధ నాకు అర్థమవుతుంది. కానీ వాయిదా ఉన్న రోజల్లా బండి ఆపుకోవాలి, ఆ రోజు సంపాదన పోతుంది. కిస్తీ మాత్రం ఆగదు. లాయరు ఫీజు వేరే. జరిమానా కట్టి బయటపడితే మర్నాడు బండి నడుపుకోవచ్చు. మేమంతా అందుకే అలా చెబుతాం, వాడు తాగాడని అనుకుని కాదు.

కరీంనగర్ వకీలు
అమ్మా, కౌన్సెలింగ్‌కు పిలిస్తే తమ్ముణ్ని తప్పకుండా వెళ్లమనండి. వెళ్లినంత మాత్రాన నేరం ఒప్పుకున్నట్టు కాదు. కోర్టులో మేజిస్ట్రేటు అభియోగం వివరించి, ఒప్పుకుంటారా అని అడుగుతారు. నిర్ణయం తీసుకోవలసింది అప్పుడు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద మొదటిసారి నేరానికి 6 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. 2019 సవరణకు ముందు జరిమానా 2,000 దాకానే ఉండేది.

సోదరుడు చెప్పిన ఇబ్బంది నిజమే. కానీ ఒప్పుకుంటే అది శిక్ష పడిన నేరంగా మిగిలిపోతుంది. ఇంకోసారి ఇదే జరిగితే రెండో నేరం కింద 2 ఏళ్ల వరకు జైలు, 15,000 జరిమానా దాకా వెళ్లవచ్చు. పైగా లైసెన్సును నిలిపివేసే అధికారం కోర్టుకు ఉంది. లైసెన్సు మీద బతికే మనిషికి 10,000 కంటే అది పెద్ద దెబ్బ. ఈ సెక్షన్ రాజీకి వీలున్న నేరాల జాబితాలో లేదు కాబట్టి, స్టేషన్‌లో డబ్బు కట్టి ముగించుకోవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి.

చీటీ నకలు ఉందా? పేరు, బండి నంబరు తీసేసి మిగిలిన వివరాలు ఇక్కడ రాయండి.

రిటైర్డ్ ఎస్సై
సర్వీసులో ఎక్కువ కాలం రోడ్డు మీదే గడిపాను. ఆపినవాళ్లలో ఎంతోమంది దగ్గుమందు అంటారు, పాన్ మసాలా అంటారు, పెళ్లిలో ఎవరో కూల్‌డ్రింకులో కలిపారంటారు. ఎస్సై అన్నీ నమ్ముతూ కూర్చుంటే తనిఖీ సాగదు, ఈ మాట ముందే చెబుతున్నాను.

అయితే ఆ రాత్రి చేసింది నాకూ నచ్చలేదు. 36 అంటే పరిమితి దాటింది కొద్దిగానే. మనిషి నిలకడగా నిలబడి, ఇప్పుడే అరిష్టం తాగానని చెబుతుంటే పక్కన కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి పుక్కిలించమని, పావుగంట ఆగి కొత్త గొట్టం పెట్టి మళ్లీ ఊదించాలి. నా దగ్గర పనిచేసిన కుర్రాళ్లకు ఇదే చెప్పేవాణ్ని. నిజంగా తాగినవాడికి పావుగంటలో రీడింగ్ పెద్దగా మారదు. అరిష్టమైతే పడిపోతుంది. ఆ కాస్త ఓపికతో ఎవరు నిజం చెబుతున్నారో అక్కడికక్కడే తేలేది.

డ్యూటీ డాక్టర్
ఎస్సై గారు చెప్పినదాని వెనుక శాస్త్రం ఉంది.

అరిష్టాలు, ఆసవాలు పులియబెట్టి చేసే మందులు. వాటిలో ఆల్కహాలు దానంతట అదే తయారవుతుంది, సీసా మీద కూడా రాసి ఉంటుంది. లెక్క వేద్దాం. 30 మిల్లీలీటర్ల మందులో 8 శాతం ఆల్కహాలు ఉందనుకుంటే 2.4 మిల్లీలీటర్లు, బరువులో 1.9 గ్రాములు. 65 కిలోల మగవాడి ఒంట్లో అది పూర్తిగా కలిసినా రక్తంలో 100 మిల్లీలీటర్లకు 4 మిల్లీగ్రాముల దగ్గర ఆగుతుంది. చట్టం పెట్టిన పరిమితి 30. అంటే రెండు మూతల అరిష్టంతో రక్తంలో 36 రావడం జరిగే పని కాదు.

మరి యంత్రం 36 ఎలా చూపింది? యంత్రం రక్తాన్ని చూడదు. ఊపిరిలోని ఆల్కహాలును కొలిచి, దానిని సుమారు 2100 రెట్లు చేసి రక్తంలో ఇంత ఉందని చెబుతుంది. రక్తంలో 30 అన్న పరిమితి ఒక లీటరు ఊపిరిలో 0.14 మిల్లీగ్రాములకు సమానం. అంత సూక్ష్మమైన కొలతలో చిగుళ్ల మధ్య, నాలుక మీద మిగిలిన మందు ఆవిరి కలిస్తే అంకె ఒక్కసారిగా పెరుగుతుంది. నోట్లో మిగిలిన ఆల్కహాలు పోవడానికి సాధారణంగా 15 నిమిషాలు చాలు. మౌత్‌వాష్‌కూ, త్రేన్పుకూ ఇదే లెక్క.

ఇంకో మాట. ఆ 2100 అన్నది సగటు, మనిషికీ మనిషికీ కొంత మారుతుంది. జ్వరం ఉంటే ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కు రీడింగ్ సుమారు 6.5 శాతం ఎక్కువ రావచ్చు. తమ్ముడికి దగ్గుతోపాటు జ్వరం కూడా ఉందా? డాక్టరుకు చూపించిన చీటీ ఏదైనా ఉంటే పారేయకండి.

గోదావరి గట్టు
ఈ చర్చ చదువుతుంటే మనసు మండిపోతోంది. తాగి నడిపినవాడు గుద్దితే మా అన్నయ్య చనిపోయాడు. ఆ కేసులో కూడా లాయరు యంత్రం సరిగా లేదనే వాదించాడు. 2016 జులైలో పంజాగుట్టలో తాగిన కుర్రాళ్ల కారు ఒక కుటుంబం మీద పడిన సంగతి ఇక్కడ ఎవరికీ గుర్తులేదా? 2025 అక్టోబరులో కర్నూలు దగ్గర చిన్నటేకూరులో బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు సజీవదహనమయ్యారు. ఆ బస్సు కింద పడిన బైకు నడిపినవాడు తాగి ఉన్నాడని ఫోరెన్సిక్ నివేదిక చెప్పింది. మీరు నేర్పే ఈ కిటుకులు రేపు అలాంటివాళ్లే చదువుతారు. ఒక్క అమాయకుడి కోసం వందమంది తాగుబోతులకు దారి చూపిస్తారా?

హనుమకొండ అక్క
గోదావరి గట్టు గారూ, మీ అన్నయ్య విషయం చదివి చాలా బాధ కలిగింది. మా తమ్ముడు తాగి నడిపి ఉంటే మొదట చెయ్యి చేసుకునేదాన్ని నేనే. మా నాన్నగారు మందుకే పోయారు, అందుకే మా ఇంట్లో సీసా కనబడదు. వాణ్ని తప్పించమని అడగడం లేదు, వాడు తాగలేదని ఎలా చూపించాలో అడుగుతున్నాను.

డాక్టరు గారూ, జ్వరం ఉందో లేదో కనుక్కుంటాను. అరిష్టం సీసా వాడి గదిలోనే ఉంది.

వకీలు గారూ, చీటీలో ఉన్నది ఇది: యంత్రం సీరియల్ నంబరు ఉంది. పరీక్ష సమయం రాత్రి 10.52. అంతకుముందు ఖాళీ గాలి రీడింగ్ 0. తరువాత 36. కింద చివరిసారి క్యాలిబ్రేషన్ (యంత్రాన్ని సరిచూడడం) చేసిన తేదీ ఉంది, అప్పటికి పద్నాలుగు నెలలైంది. ఇంకో కాగితంలో మాత్రం ఆపిన సమయం 11.30 అని చేత్తో రాశారు. ఆపకముందే ఊదించినట్టు ఎలా అవుతుంది?

కొలతల మనిషి
ఇలాంటి పరికరాలను సరిచూసి ధ్రువీకరించడం నా వృత్తి. పోలీసులు వాడేవాటిలో ఎక్కువ భాగం ఫ్యూయల్ సెల్ రకం. లోపల ప్లాటినం పూత ఉన్న పలకలుంటాయి. ఆల్కహాలు తగిలితే రసాయనిక చర్య జరిగి కొద్దిపాటి విద్యుత్తు పుడుతుంది, దాన్ని అంకెగా చూపిస్తుంది. మధుమేహం ఉన్నవారి ఊపిరిలోని అసిటోన్‌ను ఇది దాదాపుగా పట్టించుకోదు. కాబట్టి షుగర్ ఉంది అనే వాదన ఈ రకం యంత్రం ముందు నిలవదు. బజారులో చవకగా దొరికే సెమీకండక్టర్ రకం మాత్రం అసిటోన్‌కు కూడా స్పందిస్తుంది.

ఫ్యూయల్ సెల్ బలహీనత వేరు. వాడేకొద్దీ సెల్ అరుగుతుంది, దాని స్పందన మారుతుంది. అందుకే ఆల్కహాలు ఎంతుందో ముందే తెలిసిన వాయువును ఊది, యంత్రం అదే అంకె చూపుతుందో లేదో చూస్తారు. చాలా కంపెనీలు దీన్ని ఆరు నెలలకో ఏడాదికో చేయమంటాయి. ఖచ్చితమైన గడువు ఆ మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది, కోర్టులో చెల్లేది కూడా అదే. గడువు దాటితే అంకె ఎక్కువే చూపుతుందని కాదు, తక్కువ కూడా చూపవచ్చు. ఎటు తప్పుతుందో తెలియకపోవడమే సమస్య. 180 వచ్చిన మనిషికి ఐదారు అంకెల తేడా లెక్కలోకి రాదు. 36 వచ్చిన మనిషికి కేసు మొత్తం ఆ ఆరు అంకెల మీదే ఉంది.

ఖాళీ గాలి రీడింగ్ 0 వచ్చింది కాబట్టి ముందు ఊదినవారి ఆల్కహాలు లోపల మిగల్లేదని అర్థం. ఆ వాదన మీకు లేదు. గడియారం సంగతి మాత్రం వదలకండి. యంత్రం గడియారం 40 నిమిషాలు వెనుక ఉంటే, ఆ యంత్రాన్ని ఎవరు ఎప్పుడు చూశారన్న ప్రశ్న వస్తుంది.

కరీంనగర్ వకీలు
ఇప్పుడు వివరంగా చెబుతాను, నిడివి ఎక్కువైనా ఓపిక పట్టండి.

ముందుగా ఒక భ్రమ తొలగించాలి. శ్వాస పరీక్ష ఒక్కదానితో కేసు నిలవదని వాట్సాప్‌లో తిరుగుతోంది. 185వ సెక్షన్ మాటల్లోనే బ్రీత్ అనలైజర్ పరీక్షలో 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు దాటితే అని ఉంది. అదే చట్టం 203(6) ఆ ఫలితాన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చంటుంది. 2025లో తెలంగాణ హైకోర్టు మధిర డిపో ఆర్టీసీ డ్రైవరు విషయంలో శ్వాస పరీక్ష ఒక్కదాని మీద ఉద్యోగం తీసేయడం చెల్లదన్నది నిజమే, కానీ అది ఉద్యోగం కేసు. మీ తమ్ముడి లాయరు దాన్ని చూపవచ్చు గానీ దాని మీదే ఆశ పెట్టుకోకూడదు. 1971లో సుప్రీంకోర్టు బచూభాయ్ కేసులో వాసన, తూలడం, మాట తడబాటు మాత్రమే ఉంటే తాగాడని తేల్చలేమన్నది. ఏ పరీక్షా చేయని కేసుల్లో అది పనికొస్తుంది, మీకు కాదు.

మీకు పనికొచ్చేది వేరే ఉంది. సాక్ష్యంగా తీసుకోవచ్చు అంటే, ఆ సాక్ష్యం నమ్మదగినదని ప్రాసిక్యూషన్ చూపించాలి. 203వ సెక్షన్ వివరణ ప్రకారం యంత్రం కేంద్రప్రభుత్వం గెజిట్‌లో ఆమోదించిన రకం అయి ఉండాలి. ఆ ప్రకటన, సీరియల్ నంబరుతో సహా క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్, ఆ మోడల్ మాన్యువల్, ఆ రాత్రి పరీక్షలు రాసిన రిజిస్టరు తెప్పించమని కోర్టులో అర్జీ పెట్టించండి. సమాచారహక్కు చట్టం కింద కూడా ఈరోజే దరఖాస్తు చేయండి. మాన్యువల్ ఎంత ముఖ్యమో 2025లో కేరళ హైకోర్టు చూపింది. పరీక్షకు ముందు ఖాళీ గాలి రీడింగ్ సున్నా రావాలన్నది యంత్రం నిబంధన. అది సున్నా రాకుండానే ఊదించిన ఫలితాన్ని నమ్మలేమని చెప్పి 185 కింద కేసు కొట్టేసింది. అక్కడ సున్నా రాలేదు, మీకు గడువు దాటింది. సూత్రం ఒకటే గానీ వాస్తవాలు వేరు, కాబట్టి మీరు విడిగా నిరూపించుకోవాలి.

తరువాత, మళ్లీ ఊదుతానన్నా వినకపోవడం. 203(5) ప్రకారం అరెస్టు చేసిన మనిషికి పోలీసుస్టేషన్‌లో ఊదే అవకాశం ఇవ్వాలి. తమ్ముణ్ని అరెస్టు చూపారా, నోటీసుతో పంపారా అన్నది కాగితాలు చూడాలి. అరెస్టు అయితే 202 ప్రకారం రెండు గంటల్లో వైద్యపరీక్ష జరగాలి. జరగకపోతే ఏమవుతుందో ఆ సెక్షనే చెప్పింది: కస్టడీ నుంచి వదిలేయాలి. కేసు దానంతట అదే రద్దవుతుందని మాత్రం లేదు. దీన్ని పెద్ద ఆయుధంలా చెప్పే లాయరు దగ్గర జాగ్రత్తగా ఉండండి.

చీటీ యంత్రం నుంచి వచ్చిన ఎలక్ట్రానిక్ రికార్డు. అలాంటి రికార్డును ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ జత చేశారా అని అడగాలి. చివరగా క్రాస్ ఎగ్జామినేషన్. పరీక్ష చేసిన అధికారిని అడగవలసినవి: యంత్రం మీద శిక్షణ ఉందా, ఊదించే ముందు ఎంతసేపు గమనించారు, ఏమైనా తాగావా తిన్నావా అని అడిగారా, గొట్టం మార్చారా, 10.52కూ 11.30కూ తేడా ఏమిటి. ఆపిన చోట సీసీ కెమెరా ఉంటే ఆ దృశ్యాలు చెరిగిపోకముందే అర్జీ పెట్టాలి. అన్నిటికంటే ముందు చేయవలసిన పని ఇదే.

అరిష్టం సీసా, కొన్న రసీదు దాచండి. అమ్మగారు సాక్ష్యం చెప్పవలసి రావచ్చు. ఫీజు కష్టమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి. ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయ పరిమితిలోపు ఉన్నవారికి ఉచితంగా లాయరును ఇస్తారు.

ఎడిసన్ తెలుగు
నేను న్యూజెర్సీలో ఉంటాను. గోదావరి గట్టు గారి ప్రశ్నకు ఇక్కడ జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. ఇక్కడ ఊదించే ముందు మనిషిని 20 నిమిషాలు కళ్లెదుటే ఉంచి గమనించాలి. రెండుసార్లు ఊదించాలి, రెండు అంకెలూ దగ్గరగా ఉండాలి. అయినా యంత్రాలను సరిచూసే రాష్ట్ర పోలీసు సార్జెంటు ఒకరు క్యాలిబ్రేషన్‌లో తప్పనిసరిగా చేయవలసిన ఉష్ణోగ్రత తనిఖీ చేయలేదని బయటపడింది. 2018లో స్టేట్ వర్సెస్ క్యాసిడీ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆయన సరిచూసిన యంత్రాల మీద జరిగిన 20,667 పరీక్షలు సాక్ష్యంగా పనికిరావని తీర్పు చెప్పింది.

ఆ ఇరవై వేలమందిలో నిజంగా తాగి నడిపినవారు ఎంతమంది ఉంటారో ఆలోచించండి. వాళ్లకు దారి తెరిచింది థర్మామీటరు పెట్టని సార్జెంటు. ఆ తప్పు బయటపడ్డాక నిందితురాలు దాన్ని కోర్టులో ప్రశ్నించింది, అంతే. యంత్రాన్ని సమయానికి సరిచూసి, రెండోసారి ఊదించి, రక్తం తీయించి ఉంటే ఏ లాయరూ ఏమీ చేయలేడు.

ఇక్కడ చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న మన పిల్లలకు ఒక హెచ్చరిక. ఈ దేశంలో శిక్ష పడకముందే, అరెస్టు అయినందుకే వీసా రద్దు చేసే అవకాశం ఉంది. తాగిన రోజు కారు తాళం ముట్టకండి.

గోదావరి గట్టు
ఎడిసన్ గారు చెప్పినది ఇంతవరకు నాకు తెలియదు. మా అన్నయ్య కేసులో రక్తం తీయించడంలో ఆలస్యం జరిగింది. ఆ ఆలస్యాన్నే లాయరు పట్టుకున్నాడు. ఇన్నాళ్లూ నా కోపం ఆ లాయరు మీదే. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవారిని కూడా అడగవలసింది. అక్కా, మీ తమ్ముడు చెప్పింది నిజమైతే కోర్టుకు వెళ్లమనండి. కానీ 150, 200 వచ్చినవాళ్లకు ఈ సలహాలు ఇవ్వవద్దని అందరినీ వేడుకుంటున్నాను.

రిటైర్డ్ ఎస్సై
గోదావరి గట్టు గారూ, ఆలస్యమైతే అందరికంటే లాభపడేది తాగినవాడే. గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున రక్తంలో తగ్గిపోతుంది. 60తో పట్టుబడినవాడు రెండు గంటలు దాటితే పరిమితికి దగ్గరికి వచ్చేస్తాడు. ప్రతి తనిఖీ చోటా ఆ మాట పెద్ద అక్షరాలతో రాసిపెట్టాలి.

సందేహం
అసలు ఊదననంటే? సాక్ష్యమే ఉండదు కదా?

కరీంనగర్ వకీలు
అలా చేయకండి. తాగాడని అనుమానించడానికి కారణం ఉంటే, ఊదనన్నవాణ్ని 203(4) కింద వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. తగిన కారణం చూపకుండా ఊదడానికి గానీ రక్తం ఇవ్వడానికి గానీ నిరాకరిస్తే, 205 ప్రకారం అది ప్రాసిక్యూషన్ సాక్ష్యాన్ని బలపరిచే అంశంగా భావించవచ్చు. బీమా సంగతి కూడా ఉంది. ప్రమాదం జరిగినప్పుడు పరీక్ష చేయకపోయినా, ఇతర సాక్ష్యాలతో తాగి ఉన్నట్టు చూపించి బీమా కంపెనీ డబ్బు నిరాకరించవచ్చని 2021లో సుప్రీంకోర్టు ఇఫ్కో టోకియో, పర్ల్ బెవరేజెస్ కేసులో స్పష్టం చేసింది. తాగనివాడికి పరీక్షే రక్ష. ఊదండి, మళ్లీ ఊదుతానని అడగండి, రక్తపరీక్ష కావాలని అడగండి.

స్టీరింగ్ సోదరుడు
వకీలు గారూ, బండి పట్టుకెళ్లి వారాల తరబడి ఇవ్వకపోతే ఏం చేయాలి? మాలో చాలామంది ఒప్పుకునేది ఆ భయంతోనే.

కరీంనగర్ వకీలు
2021లో తెలంగాణ హైకోర్టు దీని మీద స్పష్టంగా చెప్పింది. తాగి నడిపాడన్న కారణంతో వాహనాన్ని స్వాధీనం చేసుకుని ఉంచే అధికారం పోలీసులకు లేదు. వెంట తాగని, లైసెన్సు ఉన్న మనిషి ఉంటే ఆయనకు అప్పగించాలి. ఎవరూ లేకపోతే బంధువులకో స్నేహితులకో కబురు చేయాలి, అప్పటిదాకా స్టేషన్‌లో భద్రంగా ఉంచవచ్చు. ఆర్సీ, లైసెన్సు చూపిస్తే ఇచ్చేయాలి. ఆ తీర్పు నకలు ఒకటి కారులో పెట్టుకోండి.

హనుమకొండ అక్క
తమ్ముడితో మాట్లాడాను. ఒప్పుకోనని గట్టిగా చెప్పాడు. రేపు సీసీ కెమెరా అర్జీ కోసం లాయరును కలుస్తున్నాం. ఆ రాత్రి జ్వరం లేదట, ఉందని చెప్పవద్దన్నాను. ఇంత ఓపికగా రాసిన మీ అందరికీ, ముఖ్యంగా గోదావరి గట్టు గారికి నమస్కారాలు.

రాత్రి డ్యూటీ
నేను ఆసుపత్రిలో పనిచేస్తాను, రాత్రిపూట స్కూటీ మీద ఇంటికి వెళ్తాను. చేతులకు రోజంతా శానిటైజర్ రాసుకుంటాం. ఎప్పుడైనా ఇలాంటి తప్పుడు రీడింగ్ వస్తే ఆడవాళ్లం ఏం చేయాలి?

కొలతల మనిషి
చేతులు ఆరేదాకా ఆగి ఊదండి, గొట్టాన్ని మీ చేత్తో పట్టుకోకండి. తడి శానిటైజర్ ఆవిరి యంత్రంలోకి వెళితే అంకె మారవచ్చు.

కరీంనగర్ వకీలు
అమ్మా, 204వ సెక్షన్ ప్రకారం మహిళ రక్త నమూనాను మగ డాక్టరు తీస్తుంటే, పక్కన ఒక మహిళ ఉన్నప్పుడే తీయాలి, ఆమె డాక్టరు కాకపోయినా సరే. ఆ రాత్రి ఎవరూ లేరని, వద్దులే అంటే ఒప్పుకోకండి. పోలీసులు తీయించకపోతే, వదిలిన వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్లి మీరే రక్తపరీక్ష చేయించుకోండి, చీటీ మీద సమయం రాయించుకోండి. పోలీసులు పంపిన నమూనాకు ఉన్నంత బలం దానికి ఉండదు. అయినా ఊదించిన అరగంట లోపు తీసిన రక్తంలో ఏమీ లేదని కాగితం చూపిస్తే, మేజిస్ట్రేటు దాన్ని పక్కన పెట్టేయడం అంత సులువు కాదు.